ఆశ్చర్యపోవాల్సింది అవతలి టీమ్

ఈ వారం వచ్చిన ఉత్తరం బాగా పెద్దది. పేరు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆయన రెండేళ్లుగా వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ అనే ఆన్‌లైన్ ట్యాంకుల ఆటలో ఒక చిన్న క్లాన్‌కి, అంటే కలిసి ఆడే బృందానికి, కమాండర్. రాత్రి తొమ్మిదిన్నరకి ఏడుగురు చేరతారు. టియర్ 6, అంటే ఆరో స్థాయి ట్యాంకులతో, ఏడుగురి మీద ఏడుగురు ఆడతారు. వాయిస్‌లో కాల్స్ ఇచ్చేది ఈయనే, నడిపేది కేవీ-2 అనే నెమ్మదైన భారీ ట్యాంకు. ప్రతి మ్యాప్‌కీ ఒక ప్లాన్ ఉంది, నోట్‌బుక్‌లో బొమ్మ గీసి పెట్టుకున్నారు కూడా. హిమెల్స్‌డార్ఫ్ అనే మ్యాప్ వస్తే ఐదుగురు తూర్పున రైలు పట్టాల వైపు, ఒకరు కొండ మీదికి, ఒకరు బేస్ దగ్గర. మైన్స్ అనే మ్యాప్ వస్తే మధ్యలో ఉన్న కొండకి పరుగు. మొదటి ఏడాది పదింట్లో ఆరేడు గెలిచేవాళ్లు. ఇప్పుడు నాలుగు గెలిస్తే గొప్ప.

టీమ్‌లో ఆయన తర్వాతి మాట ఒక స్నేహితుడిది. ఆరేళ్లు చిన్నవాడు, వేగంగా పోయే క్రామ్‌వెల్ ట్యాంకు నడుపుతాడు. "నన్ను అన్నా అంటాడు, నేనూ తమ్ముడిలాగే చూశాను" అని రాశారు. ఆ తమ్ముడు మూడు నెలలుగా ఒకటే పాట పాడుతున్నాడు: "అన్నా, మన ప్లాన్ అవతలివాళ్లకి బట్టీ వచ్చేసింది. కళ్లు మూసుకుని కూడా మనల్ని కొడతారు. ఒక్కసారైనా వాళ్లు ఊహించనిది చేద్దాం." ఒక రాత్రి ఈయన సరేనన్నారు. తమ్ముడు చెప్పిన మూడు కొత్త ప్లాన్లూ వేశారు, మూడూ ఓడారు. నాలుగో ఆటకి పాత ప్లాన్‌కే తిరిగొచ్చారు. ఆట మధ్యలో తమ్ముడు ఎవరికీ చెప్పకుండా పట్టాలు వదిలేసి, మధ్య వీధిలోంచి అవతలి బేస్ వైపు వెళ్లిపోయాడు. అతను కాయాల్సిన పక్క ఖాళీ అయింది. అటునుంచి దెబ్బలు తిని కేవీ-2 పోయింది. అందరూ వింటుండగా ఈయన వాయిస్‌లో అరిచారు. అవతల మైక్ ఆఫ్ అయింది. మర్నాడు "నేను వేరే టీమ్ పెట్టుకుంటాను" అని మెసేజ్ వచ్చింది. టీమ్‌లో ఇద్దరు కుర్రాళ్లు కూడా వారం నుంచి రావడం లేదట.

ఆయన ప్రశ్న: "అందరికీ తెలిసిన ప్లాన్‌నే ఇంకా బాగా ఆడాలా? ఎప్పటికప్పుడు కొత్తది వేసి ఆశ్చర్యపరచాలా? మా ఇద్దరిలో ఎవరిది కరెక్టో చెప్పండి. తప్పు నాదే అయితే కమాండ్ వదిలేస్తాను."

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు, పాత ప్లాన్‌తో ఓడిపోయామని మీరు వివరంగా రాసిన మూడు ఆటల్ని ఒక కాగితం మీద విడిగా రాసుకున్నాను. మొదటి ఆటలో మీ కేవీ-2 ఇంకా దారిలో ఉండగానే వేగంగా వెళ్లే ముగ్గురు పట్టాల దగ్గర ఐదుగురికి దొరికిపోయారు. రెండో ఆటలో అవతలి ట్యాంకులు నాలుగు సగం ప్రాణంతో మిగిలాయి, ఎందుకంటే మీవాళ్లు ఎవరికి తోచినవాడిని వాళ్లు కొట్టారు. మూడో ఆటలో మీరు వెళ్లేసరికి ఆరుగురు అక్కడే కాచుకుని కూర్చున్నారు. మీ తమ్ముడు చెప్పే జబ్బు ఈ మూడింట్లో ఒక్కదాంట్లోనే ఉంది. మిగతా రెండూ ఎంత కొత్త ప్లాన్ వేసినా ఓడిపోయే ఆటలు. అలాగని అతను పూర్తిగా తప్పని కూడా అనలేను. ఆ మూడో ఆట నిజం.

మీరిద్దరూ "మన ప్లాన్ వాళ్లకి తెలిసిపోయింది" అంటున్నారు. ఎవరికి? మీకు రోజూ తగిలేది కొత్త టీమ్. వాళ్లలో చాలామంది మీ క్లాన్ పేరు కూడా అప్పుడే చూస్తారు. వాళ్లకి తెలిసింది మ్యాప్. హిమెల్స్‌డార్ఫ్‌లో పడమట కొండ, మధ్యలో వీధులు, తూర్పున పట్టాలు అని ఈ ఆట నాలుగు నెలలు ఆడిన ఎవరికైనా తెలుసు. ఐదుగురు పట్టాల వైపు వస్తారని ఊహించడానికి మీ నోట్‌బుక్ చూడక్కర్లేదు. అంటే మీ ప్లాన్ అరిగిపోయిన రికార్డు అవునో కాదో గానీ, ఆ పాట మాత్రం ఊరందరిదీ. ఇది తెలిస్తే ఒక భయం తగ్గుతుంది, మిమ్మల్ని ఎవరూ వెనకనుంచి చదివేయడం లేదు. ఇంకో భయం మొదలవుతుంది, ఎన్ని కొత్త ప్లాన్లు గీసినా ఆ మ్యాప్‌లో ఉన్నవి మూడు దారులే.

ఇక ఆశ్చర్యం అసలు దేనికి పనికొస్తుందో చూద్దాం. ఇక్కడ కాస్త లెక్క చెప్తాను, విసుక్కోకండి. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు 1916లో ఒక సంగతి రాశాడు. ఇరుపక్షాలూ దూరం నుంచి కాల్చుకునే యుద్ధంలో బలం తలల సంఖ్యను బట్టి కాక, ఆ సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుందని. ఏడు ట్యాంకుల బలం 49 అనుకోండి. మూడింటి బలం 9. మీ ఏడూ కలిసి వాళ్ల మూడింటి మీద పడితే మిగిలేది 40, అంటే ఆరు ట్యాంకులకి కాస్త పైన. అప్పుడు వాళ్ల మిగతా నలుగురు పరిగెత్తుకొస్తారు. 40లోంచి 16 తీసేస్తే 24. దాని వర్గమూలం ఐదుకి కాస్త తక్కువ. మొదట్లో అటూ ఇటూ ఏడేసి, చివరికి వాళ్లకి సున్నా, మీకు దాదాపు ఐదు.

నిజం ఆటలో రాళ్లుంటాయి, గోడలుంటాయి, కవచం మందం ఉంటుంది. గుండు చేసే నష్టమే 25 శాతం అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి లెక్క ఇంత శుభ్రంగా రాదు. కానీ ఈ ఆటకి ఆ సూత్రం బాగానే అతుకుతుంది. ఒక్క పాయింటు ప్రాణం మిగిలిన ట్యాంకు కూడా నిండు ప్రాణంతో ఉన్నదానిలాగే కొడుతుంది కదా. అందుకే నలుగురిని సగం సగం కొట్టడం కన్నా ఇద్దరిని పూర్తిగా పోగొట్టడం మేలు. మీ రెండో ఓటమికి కారణం అదే.

ఈ లెక్కతో చూస్తే ఆశ్చర్యానికి ఉన్న పని ఒక్కటే. అవతలివాళ్లు ఏడుగురూ ఒకేసారి మీకు ఎదురు పడకుండా, మూడూ నాలుగూగా విడివిడిగా తగిలేలా చేయడం. ఎవరైనా "అబ్బో, ఇలా వస్తారనుకోలేదు" అనుకున్నంత మాత్రాన పాయింటు రాదు. మీ తమ్ముడి మూడు ప్లాన్లలో రెండోది చూడండి. ముగ్గురు కొండకి, ఇద్దరు మధ్యకి, ఇద్దరు పట్టాలకి. అవతలివాళ్లు కచ్చితంగా ఆశ్చర్యపోయి ఉంటారు, ఇంత తేలిగ్గా దొరుకుతున్నారేమిటా అని.

ఇంకో సంగతి. ఆ నాలుగో ఆటలో క్రామ్‌వెల్ మధ్య వీధిలోకి మళ్లినప్పుడు ఎక్కువ ఆశ్చర్యపోయింది ఎవరు? మీ ఆరుగురు. అవతలివాళ్ల మినీమ్యాప్ మీద, అంటే స్క్రీన్ మూల ఉండే చిన్న పటంలో, ఒక చుక్క కనిపించింది, ఒకడు వెనక్కి వెళ్లి ఆ పని చూసుకున్నాడు, అంతే. మీ టీమ్‌లో మాత్రం పక్క కాచేవాడు ఉన్నాడనుకుని ఆరుగురు వేసుకున్న లెక్క తప్పింది. చెప్పకుండా చేసిన పని ముందు మనవాళ్లనే దెబ్బ కొడుతుంది. ఈ ఒక్క విషయంలో మీ కోపం న్యాయమే. అందరి ముందూ అరవడం మాత్రం న్యాయం కాదు, దాని గురించి తర్వాత చెప్తాను.

మరి తెలిసిన ప్లాన్‌తోనే ఉండిపోవాలా? అదీ కాదు. నాకు బాగా నచ్చే ఉదాహరణ ఒకటుంది, ఇది అసలు ట్యాంకుల కథ. 1942లో ఈజిప్టులో, ఎల్ అలమేన్ యుద్ధానికి ముందు బ్రిటిష్ సైన్యం చేసిన పని. తర్వాత ట్యాంకులు మోహరించాల్సిన చోట ముందుగా లారీలు నిలబెట్టారు. జర్మన్లు విమానాల్లోంచి రోజూ వాటినే చూశారు, చూసి చూసి అలవాటు పడ్డారు. తర్వాత రాత్రివేళ లారీల చోటికి ట్యాంకులు చేరాయి, పైన లారీ ఆకారంలో తొడుగులు. పొద్దున్నే పైనుంచి చూస్తే నిన్నటి లారీలే. దక్షిణాన ఒక ఉత్తుత్తి నీటి పైపులైన్ కూడా వేస్తూ పోయారు. అది సాగే వేగం చూస్తే దాడికి ఇంకా చాలా రోజులు పడుతుందనిపించాలని. అక్టోబరు 23 రాత్రి ఉత్తరాన అసలు దాడి మొదలైంది. ఆ లారీలు రోజూ అక్కడే విసుగు పుట్టించేలా నిలబడి ఉండకపోతే ఈ ఎత్తు పారేది కాదు.

మీ పాత ప్లాన్ మీ లారీ. దాన్ని పారేయకండి.

హిమెల్స్‌డార్ఫ్‌నే తీసుకుందాం. ఆట మొదలవుతుంది, అందరూ ఊహించినట్టే మీవాళ్లు పట్టాల వైపు కదులుతారు. ముందున్న ఇద్దరు కావాలనే కనబడి ఒక్కో గుండు వేస్తారు. కనిపించిన మూడు సెకన్లకి ఆ ఇద్దరి స్క్రీన్ మీద లాంప్ బొమ్మ వెలుగుతుంది, అంటే అవతలివాళ్ల మినీమ్యాప్ మీద ఇద్దరూ పడ్డారని మీకు తెలిసిపోతుంది. ఇప్పుడు వాళ్లు ఏం చేస్తారు? కనిపించిన రెండు చుక్కల వెనక, కనబడని ఇంకో మూడు ఉన్నాయని వాళ్లంతట వాళ్లే కలుపుకుంటారు. ఎందుకంటే ఆ మ్యాప్‌లో అందరూ చేసేది అదే. మనిషి ఊహ అలవాటు వైపే జారుతుంది. వాళ్ల ఐదుగురు పట్టాలకి వచ్చేస్తారు. మీ మిగతా ముగ్గురు ఆ సమయానికి మధ్య వీధి మలుపు దగ్గర ఆగి ఉంటారు. కొండ మీద ఉన్నవాడు పైనుంచి దిగితే నలుగురు. అక్కడ వాళ్లవాళ్లు ఉన్నది ఒకరో ఇద్దరో.

ఇందులో ఏముంది, ఇది కూడా ఒక ప్లానే కదా అంటారేమో. ఒక తేడా ఉంది. ఏ దారి అన్నది ఆటకి ముందే తేల్చేయరు. మొదటి 45 సెకన్లు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. ఆ తర్వాత ముందున్నవాడు ఒకే ఒక్క అంకె చెప్తాడు, పట్టాల దగ్గర ఎన్ని కనిపించాయో. నాలుగో ఐదో అంటే మధ్యకి. రెండో మూడో అంటే ఆలోచించకుండా పాత ప్లాన్, ఐదుగురూ కలిసి తొక్కుకుంటూ వెళ్లడమే. ఏమీ కనిపించకపోతే వాళ్లు ఇంకెక్కడో ఉన్నారు, వెనక్కి బేస్‌కి. మూడు మాటలు చాలు: మధ్య, పాతది, వెనక్కి. అర్ధరాత్రి నిద్రమత్తులో ఉన్నవాడికి కూడా అర్థమవ్వాలి. నాలుగో మాట చేర్చాలని మీ ఇద్దరికీ రెండు వారాల్లో తప్పకుండా అనిపిస్తుంది. చేర్చకండి.

దీనికీ ఖర్చుంది. పట్టాల దగ్గర చూపించడానికి నిలబడే ఇద్దరు ఐదుగురిని ఆపాలి. ఎదురు నిలబడి కొట్టుకుంటే పోతారు, వెనక్కి వెనక్కి తగ్గుతూ సమయం తినాలి. చాలా టీమ్‌లలో ఈ పని ఎవరికీ ఇష్టముండదు, చంపిన లెక్క పెరగదు కాబట్టి. రోజూ ఒకరికే అది అంటగడితే నెలలోపు ఇంకో కుర్రాడు రావడం మానేస్తాడు. పైగా మొదటి వారం రెండు వారాలు మీ గెలుపులు ఇంకా తగ్గుతాయి. విడిపోవడం నేర్చుకునేటప్పుడు ఎవరో ఒకరు ఆలస్యంగా మలుపు తిరుగుతారు, ఎవరో అంకె తప్పు చెప్తారు.

ఏమీ మార్చకుండా పాత ప్లాన్‌నే శుభ్రంగా ఆడటం కూడా ఒక దారే. అందరూ ఒకేసారి చేరడం, ఒకేసారి ఒకే ట్యాంకుని కొట్టడం. ఈ రెండూ సరిచేస్తే పదింట్లో నాలుగు గెలుపులు కాస్తా ఐదారు అవుతాయని నా అంచనా, ఎందుకంటే మీ మీద వచ్చేవాళ్లు కూడా మనుషులే. వారానికి రెండు రాత్రులు కాలక్షేపానికి ఆడే టీమ్‌కి అది చాలు. కానీ మీ తమ్ముడికి చాలదు. ఇంకో ప్రమాదం, ఎప్పుడూ జాగ్రత్తగా ఆడే టీమ్ క్రమంగా కదలడం మానేస్తుంది. ఈ ఆట పాత టోర్నమెంట్లలో అదే జరిగింది. ఏడుగురి టియర్‌లు కలిపితే 42 దాటకూడదన్న రోజుల్లో చాలా టీమ్‌లు ఐదు టియర్ 8 ట్యాంకులు, రెండు బుల్లి టియర్ 1 ట్యాంకులు తెచ్చేవి. తెచ్చి, రెండు వైపులా పొదల్లో కూర్చుని ముందు ఎవరు కదులుతారా అని చూసేవాళ్లు. ఆడేవాళ్లకి ఉత్కంఠ, చూసేవాళ్లకి ఆవులింతలు. తర్వాత ఒకరు దాడి చేసి తీరాలి, ఇంకొకరు కాయాలి అని నిర్వాహకులే నియమం మార్చాల్సి వచ్చింది.

ప్రతి ఆటకీ కొత్తది అన్న తమ్ముడి దారి విషయానికొస్తే, అది వేరే రకం టీమ్‌కి. రోజూ మూడు గంటలు కలిసి ఆడి, ఒకరి కదలిక ఇంకొకరికి మాట లేకుండా తెలిసినవాళ్లకి. మీకు అప్పుడప్పుడు అవే టీమ్‌లు మళ్లీ తగులుతుంటే మాత్రం కాస్త మార్చి ఆడటం అవసరమే. అప్పుడు కూడా "ఈసారి ఏం చేద్దాం" అని మనసుని అడక్కండి, నాణెం ఎగరేయండి. నిన్న కుడి వెళ్లాం కాబట్టి ఇవాళ ఎడమ అనుకోవడం మనిషి స్వభావం. అలా మార్చి మార్చి ఆడేవాడిని పట్టుకోవడం, ఎప్పుడూ ఒకటే ఆడేవాడిని పట్టుకున్నంత సులువు.

ఇక నిజంగా చిక్కుపడింది వేరే చోట ఉందని నాకనిపిస్తోంది. మీరు నడిపేది కేవీ-2. అతను నడిపేది క్రామ్‌వెల్. క్రామ్‌వెల్ గంటకి 64 కిలోమీటర్లు పోతుంది, మీది దాదాపు అందులో సగం. మీ ఒక్కో గుండుకీ అవతల ఒక ట్యాంకు సగమైపోతుంది, కానీ మళ్లీ లోడయ్యేదాకా మీరు గోడ వెనక నిస్సహాయంగా కూర్చోవాలి. ఆ కుర్చీలోంచి చూస్తే మ్యాప్ ఎలా కనిపిస్తుంది? అందరూ కలిసి, నెమ్మదిగా, పక్కలు కాస్తూ వెళ్లాల్సిన చోటులా. క్రామ్‌వెల్‌లో కూర్చున్నవాడికి అదే మ్యాప్ నిండా ఖాళీలు కనిపిస్తాయి, ఒక్కో ఖాళీ పది సెకన్లలో మూసుకుపోతుంది. అతను "అన్నా, మధ్యలో ఎవరూ లేరు" అనేలోపు మీరు ఇంకా రెండో వీధి మలుపులో ఉంటారు. ఇద్దరూ మీ మీ ట్యాంకులు చెప్పిన మాటే చెప్తున్నారు. ఒక శనివారం ట్యాంకులు మార్చుకోండి. మీరు క్రామ్‌వెల్, అతను కేవీ-2, కాల్స్ అతనివి. ఓడిపోతారు, పరవాలేదు. నేను ఒకసారి నెలపాటు లైట్ ట్యాంకు ఒక్కటే నడిపాను. అంతకుముందు ఏడాదంతా లైట్ ట్యాంకు కుర్రాళ్లని ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చి సిగ్గేసింది.

కమాండ్ వదిలేస్తానన్నారు. వదిలేయొచ్చు. అయితే అలిగి వదిలేస్తే టీమ్‌కి కమాండర్ దొరకడు, ఇద్దరు అలిగినవాళ్లు మిగులుతారు. అతను వేరే టీమ్ పెట్టుకుంటే మీ ఏడుగురు ముగ్గురూ నలుగురూ అవుతారు. ఆ లెక్క పైన చూశాం కదా. మధ్యేమార్గంగా పనిని పంచుకోవచ్చు. మొదటి 45 సెకన్లు మీవి, ఎవరు ఎక్కడ ఉండాలో మీరు చెప్తారు. ఆ అంకె చెప్పి, మూడు మాటల్లో ఒకటి అనేది అతను. ముందుండి చూసేది ఎలాగూ అతనే. ఒకసారి అతను మాట అన్నాక మీరు దాన్ని మార్చకూడదు, తప్పని తెలిసినా సరే, ఆట అయ్యేదాకా. ఇది మీకు కష్టం. రెండేళ్లు కాల్స్ ఇచ్చిన నోరు ఊరుకోదు. మొదటి రాత్రి మైక్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చోండి.

ఆ అరిచిన రాత్రి సంగతి. ఉత్తరంలో మీరు "కేవీ-2 పోయింది" అని రాశారు, "నా కేవీ-2" అని రాయలేదు. ఆ రోజు పోయింది మీరు. వేరేవాళ్ల ట్యాంకు పోయి ఉంటే అంత గట్టిగా అరిచేవారా? నాకు తెలియదు, మీకు తెలుసు. అతను చెప్పకుండా వెళ్లడం తప్పని అతనికి చెప్పే హక్కు మీకుంది. దానికన్నా ముందు అరిచినందుకు సారీ చెప్పండి, అదీ అరిచిన చోటే, అందరూ వినేలా వాయిస్‌లో. రాని ఆ ఇద్దరు కుర్రాళ్ల గురించి అడిగారు, బతిమాలాలా అని. అక్కర్లేదు. వాళ్లు ఓటములకి విసిగి మానలేదు, ఓటములు మూడు నెలల నుంచీ ఉన్నాయి. మీరిద్దరూ మాట్లాడుకున్నారన్న వార్త వాళ్లకి మీకంటే ముందే చేరుతుంది.

తమ్ముడికి మెసేజ్ పెట్టేటప్పుడు ఎవరిది కరెక్టు అన్న వాదన అందులోకి తేకండి. అతని నాలుగో ఆట రీప్లే మీ దగ్గర ఉండే ఉంటుంది. "శనివారం అది కలిసి చూద్దాం, మధ్య వీధిలో నువ్వేం చూసి అటు మళ్లావో చూపించు" అని రాయండి. అతను నిజంగానే ఏదో చూసి ఉండొచ్చు.